సెకండ్ హ్యాండ్ రైలింజన్‌కు 22,500 రూపాయలా? వేలం రేట్ల గురించి తెలిసినవాళ్లు చెప్పండి

పాలమూరు_పట్టాలు (మహబూబ్‌నగర్) · శనివారం రాత్రి 11:40

అందరికీ నమస్తే. నన్ను ఎరగనివాళ్ల కోసం ఒక్క మాట. మెట్టుగడ్డ దగ్గర మా మేడ మీది గదిలో, ఆరడుగుల ప్లైవుడ్ మీద పాత మహబూబ్‌నగర్ స్టేషన్ మోడల్ కడుతున్నాను, మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరు వెడల్పు) రోజులది. రెండేళ్ల నుంచి కడుతూనే ఉన్నాను. ప్లాట్‌ఫారం అయింది, నీళ్ల ట్యాంకు అయింది, వేపచెట్టు కూడా అయింది. ఇంజన్ మాత్రం లేదు.

ఆ లైన్ మీద తిరిగిన వైపీ రకం ఆవిరి ఇంజన్ మోడల్ రెడీమేడ్‌గా నాకెక్కడా దొరకలేదు. అందుకని ట్రయాంగ్ హార్న్‌బీ అనే ఇంగ్లండు బొమ్మ రైళ్ల కంపెనీ వాళ్ల పాత ప్రిన్సెస్ ఎలిజబెత్ ఇంజన్ ఒకటి కొని, పైడొక్కు తీసేసి, ప్లాస్టిక్ షీటుతో వైపీ డొక్కు చేసి తొడుగుదామని నా ప్లాన్. రెండింటికీ చక్రాల వరస ఒకటే: ముందు నాలుగు, మధ్యలో ఆరు, వెనక రెండు.

మన దేశంలోనే ఒకాయన ఆన్‌లైన్‌లో పెట్టాడు. రేటు 22,500. అట్టపెట్టె లేదు. ముందు బఫర్ ఒకటి విరిగింది. టెండర్ (ఇంజన్ వెనక తగిలించే బొగ్గు బండి) అసలు ఫొటోలోనే లేదు. కింద మాత్రం ‘అరుదైన వింటేజ్ పీస్, బేరాలాడేవాళ్లు దయచేసి ఫోన్ చేయొద్దు’ అని రాశాడు. ఆయనొక్కడే కాదు, ఇంకో నలుగురున్నారు. ఒకాయన 18 వేలు, ఇంకొకాయన 26 వేలు. మూడు వారాల నుంచి రోజూ చూస్తున్నాను. ఒక్కటీ పోలేదు, ఒక్కరూ తగ్గించలేదు. దీనికి నిజంగా అంత విలువ ఉందా? లేక నాకే తెలియట్లేదా?

దేవరకొండ_డీకోడర్ (హైదరాబాద్) · శనివారం రాత్రి 11:58

అన్నా, మూడు వారాల్లో ఒక్కటీ పోలేదని నువ్వే రాశావు. జవాబు అందులోనే ఉంది.

పెట్టిన రేటు అంటే అమ్మేవాడి ఆశ. పోయిన రేటు చూడాలి. ఈబే అనే వేలం సైటులో వెతికేటప్పుడు ఫిల్టర్లలో ‘సోల్డ్ ఐటమ్స్’ అని ఉంటుంది, దానికి టిక్ పెట్టు. ఆకుపచ్చ అంకెలు వస్తాయి. అవే అసలు రేట్లు. కొన్నిటికి అంకె మీద అడ్డగీత ఉంటుంది. అంటే బేరమాడి తక్కువకే తీసుకున్నారన్నమాట, ఎంతకో బయటికి చెప్పరు. వాటిని లెక్కలోకి తీసుకోకు.

బ్రిటన్ సైటులో ఇప్పుడే చూశాను. నడిచే కండిషన్‌లో ఉన్న ప్రిన్సెస్‌లు ఎక్కువ భాగం 30 నుంచి 50 పౌండ్ల లోపే పోయాయి. మన లెక్కలో మూడున్నర నుంచి ఆరు వేలు. డొక్కు లేని ఛాసిస్‌లు అంతకంటే చవక.

గార్డు_సాబ్ (జడ్చర్ల) · ఆదివారం ఉదయం 6:15

ప్రిన్సెస్ ఎలిజబెత్ అరుదా! పొద్దున్నే నవ్వించారు.

1950 క్రిస్మస్‌కు ఇంగ్లండులో మార్క్స్ అండ్ స్పెన్సర్ దుకాణాల కోసం రోవెక్స్ అనే చిన్న కంపెనీ ఒక రైలు సెట్టు చేసింది. అందులో ఉన్న ఇంజన్ ఇదే. తర్వాత ఆ కంపెనీని లైన్స్ బ్రదర్స్ కొనుక్కుని ట్రయాంగ్ రైల్వేస్ అన్నారు. 1964లో మెకానో కంపెనీ కూడా వాళ్ల చేతికే రావడంతో హార్న్‌బీ పేరు కూడా కలిసింది. ఇంగ్లండులో పిల్లలున్న ఇంట్లో అటక దులిపితే ఇది దొరుకుతదేమో, అన్ని చేశారు. పాతది వేరు, అరుదైనది వేరు. మా ఇంట్లో నేనూ పాతోణ్ణే, నాకెవరూ 22 వేలు ఇస్తలేరు.

ఇంకో మాట, తమ్మీ. నువ్వు డొక్కు తీసి పారేస్తానంటున్నావు. ఆ 22,500లో సగానికి పైగా డొక్కు కోసమే కదా అడుగుతున్నాడు! రంగు, పేరు పలక, మెరుపు, ఇవి సేకరించేటోళ్లు చూసేది అవే. నీకు కావాల్సింది చక్రాలూ మోటారూ. గుర్రం కోసం పోయి పెళ్లికొడుకుని కొన్నట్టుంటది.

వైపీ నేను చూసిన బండి. 1949 నుంచి 1970 దాకా మొత్తం 871 చేశారు, ఎక్కువ భాగం జంషెడ్‌పూర్ టెల్కో ఫ్యాక్టరీలోనే. నా కొలువు గార్డుగానే మొదలైంది, గార్డుగానే అయిపోయింది. 2022లో ఆ పేరు తీసేసి ట్రెయిన్ మేనేజర్ అన్నారు. మేనేజర్ అనిపించుకునే యోగం నాకు లేదు.

చిట్యాల_చిన్నా (చిట్యాల) · ఆదివారం ఉదయం 9:20

ఆ యాడ్లలో రాసే భాష నాకు బాగా వంటబట్టింది. ‘టెస్ట్ చేయలేదు, మా దగ్గర పట్టాలు లేవు’ అంటే టెస్ట్ చేశాడు, నడవలేదు. ‘చిన్న సర్వీసింగ్ చాలు’ అంటే మోటారు కాలింది. ‘తాతగారి కలెక్షన్’ అంటే ఎర్రగడ్డ ఆదివారం సంత. ఈ చివరి దాని మీద నాకేం కోపం లేదు, ఎందుకంటే నా మూడు బోగీలు ఆ సంతలోవే. పాత మిక్సీ జార్ల కింద దొరికాయి, మూడూ కలిపి 350. అమ్మేవాడికి అవి ఏ స్కేలో తెలియదు, అప్పటికి నాకూ తెలియదు.

మోడరేటర్ · ఆదివారం ఉదయం 10:05

అమ్మేవాళ్ల పేర్లు, యాడ్ లింకులు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. రెండు పోస్టులు తీసేశాను. రేట్ల గురించి ఎంతైనా మాట్లాడుకోండి.

గద్వాల_గేజ్ (గద్వాల) · ఆదివారం మధ్యాహ్నం 1:30

అందరూ ఇండియాలో అమ్మేవాడినే తిడుతున్నారు. ఆయన వైపు నుంచి కూడా ఒక్కసారి లెక్క చూడండి.

స్కేల్ మోడళ్లు కస్టమ్స్ లెక్కలో బొమ్మల హెడ్డింగ్ కిందికే వస్తాయి, 9503. దాని మీద బేసిక్ డ్యూటీ 20 శాతం ఉండేది. 2020 ఫిబ్రవరిలో 60 చేశారు, 2023లో 70 చేశారు. అంతకుముందు విదేశాల్లో ఉన్న బంధువులు 5 వేల లోపు విలువైనది గిఫ్టుగా పంపితే పన్ను పడేది కాదు, 2019 డిసెంబరులో అది కూడా ఎత్తేశారు. పోయినేడు నాకు రెండు బోగీలు వచ్చాయి. వాటి ఖరీదుకూ వాటి మీద పడిన పన్నుకూ పెద్ద తేడా లేదు. పోస్ట్‌మ్యాన్ డబ్బులు లెక్కపెట్టుకుంటూ ‘ఏముంది సార్ ఇందులో, బంగారమా?’ అన్నాడు.

కాబట్టి అక్కడ 40 పౌండ్లకు పోయే ఇంజన్ పోస్టేజీ, పన్ను కలిపి మన గుమ్మం ఎక్కేసరికి 12 వేల దాకా అవుతుంది. ఇండియాలో ఆల్రెడీ ఉన్నదానికి ఎవరైనా 10 వేలు అడిగితే అది మోసం కాదు, ఇక్కడి రేటే అది. 22,500 మాత్రం దురాశే.

గార్డు_సాబ్ (జడ్చర్ల) · ఆదివారం మధ్యాహ్నం 2:10

పన్ను కట్టి తెప్పించుకున్నోడు అడిగితే సరే. అటక మీది దాన్ని దింపి అమ్మేటోడు కట్టని పన్ను కూడా మన దగ్గర వసూలు చేస్తే ఎట్లా?

గద్వాల_గేజ్ (గద్వాల) · ఆదివారం మధ్యాహ్నం 2:25

సాబ్, బాయి దగ్గర బెండకాయ కిలో పది రూపాయలుంటే, ఊళ్లో ముప్ఫై ఉంటే, ఊళ్లో పెరట్లో పండించినవాడు పదికే అమ్ముతాడా? ముప్ఫైకే అమ్ముతాడు. రేటు వాడి ఖర్చును బట్టి ఉండదు, నాకు ఇంకోచోట ఎంతకు దొరుకుతుందో దాన్ని బట్టి ఉంటుంది.

గార్డు_సాబ్ (జడ్చర్ల) · ఆదివారం మధ్యాహ్నం 2:40

నా దగ్గర జవాబు లేదు. అయినా ఒప్పుకోను.

పాలమూరు_పట్టాలు (మహబూబ్‌నగర్) · సోమవారం రాత్రి 10:15

ఒక విషయం దాచాను. చెప్పక తప్పేలా లేదు.

డీకోడర్ తమ్ముడు చెప్పకముందే నాకు బ్రిటన్ రేట్లు తెలుసు. నెల కిందట ఒక ఆదివారం అక్కడి ఒక వేలంలో పాట కూడా పాడాను. వాళ్లకు సాయంత్రం ఎనిమిది అంటే మనకు ఎండాకాలంలో అర్ధరాత్రి పన్నెండున్నర, చలికాలంలో ఒకటిన్నర. 45 పౌండ్లు దాటొద్దని కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన గోడకు అంటించుకుని కూర్చున్నాను. 44 దాకా నేనే ముందున్నాను. నాలుగు నిమిషాలుందనగా ఎవడో వచ్చాడు. నేను 46 అన్నాను. వెంటనే వాడు పైకి. 50 అన్నాను. వెంటనే వాడు పైకి. ఒక్క క్షణం కూడా ఆలోచించట్లేదు, వాడికెంత పొగరు అనిపించింది. 60, 68, 75... చివరి నలభై సెకన్లలో ఏం నొక్కానో నాకే గుర్తులేదు. గెలిచాను. 91 పౌండ్లు. పోస్టేజీ ఇంకో 24.

మా ఆవిడ నీళ్లు తాగడానికి లేచి వచ్చి, నా మొహం చూసి, ‘ఎవరన్నా పోయారా?’ అని అడిగింది.

కొన్నాక మనసు ఒప్పక ఇక్కడి రేట్లు చూడటం మొదలుపెట్టాను. 22,500 రేటు చూసి నేను బాగానే కొన్నానని నన్ను నేను సముదాయించుకుందామని. అందుకే ఈ చర్చ పెట్టాను. క్షమించండి.

చిట్యాల_చిన్నా (చిట్యాల) · సోమవారం రాత్రి 10:17

అన్నా!!

నల్లగొండ_లెక్చరర్ (నల్లగొండ) · సోమవారం రాత్రి 11:30

డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను కాబట్టి ఈసారి ఆగలేకపోతున్నాను.

మొదట మీ పోటీదారు సంగతి. అతనికి పొగరు లేదండీ, ఆ టైములో అసలు కంప్యూటర్ ముందు ఉన్నాడో లేడో. ఈ సైట్లలో ప్రాక్సీ బిడ్ అని ఉంటుంది. మన గరిష్ఠం ఎంతో ఒకసారి రాసి పెడితే, ఎవరు పెంచినా సైటు మన తరఫున ఒక్కో మెట్టు పెంచుకుంటూ పోతుంది, మన గరిష్ఠం వచ్చేదాకా. అతను సుమారు 90 రాసి పెట్టి భోజనానికి పోయి ఉంటాడు. మీరు పెంచినప్పుడల్లా రెప్పపాటులో జవాబు వచ్చింది అందుకే. మీరు నాలుగు నిమిషాలు పోట్లాడింది మనిషితో కాదు, ఆ మనిషి రాసిపెట్టిన అంకెతో.

పెబ్బేరు సంతలో ఎద్దుల బేరం చూశారా? తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని రేటు చెప్పుకుంటారు. పక్కన నిలబడ్డవాడికి కూడా అంకె తెలియదు. ప్రాక్సీ బిడ్ ఆ తువ్వాల లాంటిది. అతను తువ్వాల కింద వేళ్లు పట్టాడు. మీరు తువ్వాల తీసి భుజాన వేసుకుని అరిచారు.

గెలిచినవాడు తన అంకె కాదు, రెండో అంకె కట్టే పద్ధతి గురించి 1961లోనే విలియం విక్రీ అనే ఆయన లెక్కలు కట్టి రాశాడు (వేలాల మీద రాసినాయన పేరు విక్రీ, మా పిల్లలు ఈ పేరు మాత్రం మరిచిపోరు). అలాంటి పాటలో మనకు ఎంత విలువ అనిపిస్తే అంత ఒకేసారి రాసి ఊరుకోవడమే మేలు. తక్కువ రాసి లాభం లేదు, ఎక్కువ రాస్తే నష్టం. ఈ సైట్లది కూడా దాదాపు అదే పద్ధతి. 1996లో ఆయనకు నోబెల్ వచ్చింది, ప్రకటించిన మూడు రోజులకే పోయాడు.

ఇంకోటి ఉంది. 1971లో అమెరికా చమురు కంపెనీలో పనిచేసే ముగ్గురు ఇంజనీర్లు ఒక వ్యాసం రాశారు. సముద్రం అడుగున నూనె ఎంతుందో ఎవరికీ సరిగ్గా తెలియదు, అందరూ అంచనా వేసి పాట పాడతారు. గెలిచేది ఎవరు? అందరికంటే ఎక్కువగా అంచనా వేసినవాడు. అంటే అందరికంటే ఎక్కువగా తప్పు లెక్కేసినవాడు అయ్యే అవకాశమే ఎక్కువ. గెలిచినవాడి శాపం అంటారు దాన్ని. ఫొటోలు చూసి, మోటారు నడుస్తుందో లేదో తెలియకుండా పాడే పాటకు ఇది అచ్చంగా వర్తిస్తుంది.

దేవరకొండ_డీకోడర్ (హైదరాబాద్) · మంగళవారం ఉదయం 8:40

సార్, మరి బాలాపూర్ లడ్డూ? 1994లో 450 రూపాయలకు పోయింది, 2024లో 30 లక్షల వెయ్యికి పోయింది. వాళ్లందరిదీ శాపమేనా?

నల్లగొండ_లెక్చరర్ (నల్లగొండ) · మంగళవారం ఉదయం 9:05

అక్కడ కొనేది లడ్డూని కాదు తమ్ముడూ. పేరు, భక్తి, ఊరందరి ముందూ పాడిన మాట. ఆ డబ్బు కూడా ఊరికే పోతుంది. మన పాలమూరాయన అర్ధరాత్రి ఒక్కడే తలుపేసుకుని పాడాడు, చప్పట్లు కొట్టేవాడు కూడా లేడు.

గద్వాల_గేజ్ (గద్వాల) · మంగళవారం ఉదయం 9:30

ఈ సైట్ల పుట్టుకే అలాంటిది. 1995లో ఈబే మొదలైనప్పుడు దాని మీద మొదట అమ్ముడుపోయింది పాడైపోయిన లేజర్ పాయింటర్, 14 డాలర్ల 83 సెంట్లకు. పాడైందని తెలుసా అని అడిగితే, పాడైనవే నేను సేకరిస్తాను అన్నాడట కొన్నాయన.

వనపర్తి_అమ్మాయి (వనపర్తి) · బుధవారం సాయంత్రం 7:50

నమస్కారం. చదువుతూ ఉంటే నన్నే అంటున్నట్టు అనిపించి, అకౌంట్ తెరిచాను. 22,500 ఇంజన్ నాది కాదు. కానీ నేనూ ఒక యాడ్ పెట్టాను, 40,000 అని.

మా నాన్న డాక్టరు. 1976 నుంచి ఐదేళ్లు ఇంగ్లండులో పనిచేసి, తిరిగొచ్చి వనపర్తిలో క్లినిక్ పెట్టారు. పోయినేడు చనిపోయారు. ఇల్లు ఖాళీ చేస్తుంటే బీరువా మీద ఒక రేకు ట్రంకు దొరికింది. రెండు ఇంజన్లు, ఆరు బోగీలు, పట్టాలు, ఒక కంట్రోలర్. నా చిన్నప్పుడు దసరా సెలవుల్లో మాత్రమే తీసేవారు. మేము ముట్టుకోకూడదు, చూడాలి అంతే.

దాని విలువ నాకేం తెలుసు? ఆన్‌లైన్‌లో చూశాను, ఒక్కో ఇంజన్ 20 వేలు, 25 వేలు అని ఉంది. అందరికంటే కొంచెం తక్కువే పెడదామని 40 పెట్టాను. దురాశ అనుకోలేదు. ఇప్పుడు ఇక్కడ చదివితే, ఆ పెట్టినవాళ్లు కూడా నాలాగే ఇంకెవరినో చూసి పెట్టి ఉంటారేమో అనిపిస్తోంది. నాలుగు నెలల్లో ముగ్గురు అడిగారు. ఒకాయన 2 వేలు ఇస్తాను, రేపే వస్తాను అన్నాడు. ఎవరిని నమ్మాలో తెలియక ఎవరికీ ఇవ్వలేదు.

గార్డు_సాబ్ (జడ్చర్ల) · బుధవారం రాత్రి 8:20

బిడ్డా, 2 వేలన్నోడికి ఇయ్యనందుకు మంచి పని చేశావు. వాడే 22,500 పెట్టేటోడు.

నాలుగు ఫొటోలు పెట్టు. ఇంజన్లను మెత్తటి తువ్వాల మీద వెల్లకిలా పడుకోబెట్టి కింది భాగం తీయి. చక్రాల అంచులు దగ్గరగా తీయి. అట్టపెట్టె ఉంటే చివర అతికించిన చీటీ తీయి, అది మోడల్ నంబరు చెప్తది. చక్రాలు లెక్కపెట్టి రాయి.

మిర్యాల_మోటార్స్ (మిర్యాలగూడ) · బుధవారం రాత్రి 8:45

మేడమ్, దయచేసి వాటిని తుడవొద్దు, పాలిష్ పెట్టొద్దు. కొబ్బరినూనె అస్సలు వద్దు. ఒకాయన ఇంజన్‌కు కొబ్బరినూనె పోసి తెచ్చాడు, చలికాలంలో గేర్లన్నీ గడ్డకట్టుకుపోయాయి.

కంట్రోలర్‌ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో ప్లగ్గులో పెట్టకండి. ఇంగ్లండుది కాబట్టి వోల్టేజీ మన దానికి సరిపోతుంది, భయం అది కాదు. యాభై ఏళ్ల నాటి వైరు తొడుగు పెళుసుబారి ఉంటుంది, వంచితే రాలిపోతుంది. ముందు వైరు మార్చాలి. (అమెరికా కంట్రోలర్ అయితే కథ వేరు. అది 120 వోల్టులది. ఒక కుర్రాడు నేరుగా మన ప్లగ్గులో పెట్టాడు, వాళ్లమ్మ పొగ చూసి పక్కింటివాళ్లను పిలిచింది.)

వనపర్తి_అమ్మాయి (వనపర్తి) · గురువారం ఉదయం 7:30

ఫొటోలు పెట్టాను. ఒకటి చిన్నది, నల్లది, మొత్తం ఆరు చక్రాలు. రెండోది ఆకుపచ్చది, పొడుగు. ముందు నాలుగు చిన్నవి, మధ్యలో ఆరు పెద్దవి, వెనక రెండు. దాని వెనక బొగ్గు డబ్బా లాంటిది వేరుగా ఉంది. రెండింటికీ అట్టపెట్టెలు ఉన్నాయి, మూతలకు నాన్న ఎప్పుడో టేపు వేశారు.

పెద్దదాని పెట్టెలో నాన్న చేతిరాతతో ఒక చీటీ ఉంది: ‘ఆయిల్ ఒక్క చుక్క. రెండు కాదు.’

చిట్యాల_చిన్నా (చిట్యాల) · గురువారం ఉదయం 7:41

నాలుగు, ఆరు, రెండు. పాలమూరన్నా, చూస్తున్నావా? 91 పౌండ్లు పోసి తెప్పించుకున్నది నీకు డెబ్బై కిలోమీటర్ల దూరంలో బీరువా మీద ఉంది.

పాలమూరు_పట్టాలు (మహబూబ్‌నగర్) · గురువారం ఉదయం 7:55

చూస్తున్నాను. టిఫిన్ దిగట్లేదు.

గద్వాల_గేజ్ (గద్వాల) · గురువారం ఉదయం 10:20

ఫొటోలు చూశాను. ఆకుపచ్చదాని డొక్కు నిక్షేపంగా ఉంది, టెండర్ ఉంది, పెట్టె ఉంది. దీన్ని విప్పి వైపీ చేస్తానని ఎవరైనా అంటే వాళ్లకు ఇవ్వకండి. ఇది ఉన్నది ఉన్నట్టుగా ఉంచుకునేవాళ్లకే. నడిస్తే 9 వేలు, నడవకపోతే 6. నల్లది 3 వేలు. బోగీలు ఒక్కోటి 500 నుంచి 700, ఒకదానికి కప్లింగ్ (బోగీలను కలిపే కొక్కెం) విరిగింది. పట్టాలు తుప్పు పట్టాయి, వాటికి లెక్క కట్టకండి. అంతా కలిపి 15 వేలకు అటూ ఇటూ. 40 రాదు. అలాగని 2 వేలు కూడా కాదు.

వనపర్తి_అమ్మాయి (వనపర్తి) · గురువారం ఉదయం 10:50

థాంక్స్ అన్నా. మొదటిసారి ఒకరు ఎందుకు అంత అని చెప్పి మరీ రేటు చెప్పారు. యాడ్ తీసేశాను.

పాలమూరు_పట్టాలు (మహబూబ్‌నగర్) · మూడు వారాల తర్వాత, శుక్రవారం

పార్సిల్ వచ్చింది. 91 పౌండ్ల ఇంజన్. డ్యూటీ ఎంత పడిందో ఇక్కడ రాయను, మా ఆవిడ కూడా ఈ చర్చ చదువుతోంది.

పట్టాల మీద పెట్టి కరెంటు ఇచ్చాను. ఒక మూలుగు, ఒక చిన్న కుదుపు, తర్వాత కాలిన వాసన. చేత్తో కొంచెం తోస్తే నాలుగంగుళాలు పోయి ఆగిపోతుంది. అమ్మినాయన ‘బాగా నడుస్తుంది’ అని రాశాడు. మెసేజ్ పెడితే ‘నేను పంపినప్పుడు నడిచింది’ అన్నాడు.

మిర్యాల_మోటార్స్ (మిర్యాలగూడ) · శుక్రవారం రాత్రి 9:10

ఎవరికీ తిప్పి పంపొద్దు, నాకు పంపండి. పోస్టేజీకే సగం పోతుంది.

ముందు మీరే ఒకటి చూడండి. మల్టీమీటర్ ఉందా? మోటారు కమ్యుటేటర్ (ఇరుసుతో పాటు తిరిగే గుండ్రటి భాగం) మీద రాగి ముక్కలు మూడుంటాయి. రెండేసి ముక్కల మధ్య ఓమ్స్ కొలవండి, మూడు జతలు వస్తాయి. మూడూ సమానంగా వస్తే కాయిళ్లు బాగున్నట్టే, బ్రష్‌లు (ఆ రాగి ముక్కలకు కరెంటు అందించేవి) చూడాలి. రెండు సమానంగా వచ్చి, మూడోది సరిగ్గా వాటికి రెట్టింపు వస్తే ఒక కాయిల్ తెగింది.

పాలమూరు_పట్టాలు (మహబూబ్‌నగర్) · శుక్రవారం రాత్రి 9:50

రెండు సమానం. మూడోది రెట్టింపు.

మిర్యాల_మోటార్స్ (మిర్యాలగూడ) · తర్వాతి వారం, గురువారం

పాలమూరన్న ఇంజన్ అయిపోయింది. వివరం రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

నేను రోజంతా చేసేది బోరు మోటార్లు, ఒక్కోదానికి కేజీల కొద్దీ రాగి. ఇది వెంట్రుకంత తీగ. మొదట మోటారు విప్పేటప్పుడే ఒక జాగ్రత్త: ఈ పాత మోటార్ల అయస్కాంతం మధ్యలోంచి ఆర్మేచర్ (కాయిళ్లు చుట్టి ఉండే, తిరిగే భాగం) ఊరికే లాగేస్తే అయస్కాంతం బలం తగ్గిపోతుంది. లాగుతూనే ఆ సందులోకి ఇనుప ముక్క తొయ్యాలి. ఇది తెలియనివాళ్లు బాగుచేసిన ఇంజన్లే తర్వాత ‘కొంచెం నెమ్మది’ అని అమ్మకానికి వస్తాయి.

తెగిన కాయిల్ విప్పుతూ చుట్లు లెక్కపెట్టాను. రెండుసార్లు లెక్క తప్పాను, మిగతా రెండూ విప్పాక గానీ నమ్మకం కుదరలేదు. మూడింటికీ చుట్లు సమానంగా లేకపోతే ఇంజన్ వణుకుతుంది. వాచీలు బాగుచేసే పక్క షాపాయన దగ్గర కంటికి పెట్టుకునే అద్దం తీసుకుని, షాపు షట్టర్ సగం దించి కూర్చున్నాను. టీ తెచ్చిన పిల్లాణ్ణి బయటే నిలబెట్టాను. మూడో కాయిల్ చివరి చుట్టు దగ్గర తీగ తెగింది. మళ్లీ మొదటి నుంచి. రెండు సాయంత్రాలు పట్టింది.

బ్యాటరీకి పెట్టగానే మిషన్ కుట్టినట్టు తిరిగింది. మూడు వందలు ఇవ్వండి చాలు, ఆ తీగ నా దగ్గర ఉన్నదే.

గార్డు_సాబ్ (జడ్చర్ల) · గురువారం రాత్రి 8:00

శభాష్. పాలమూరు తమ్మీ, ఇంకో లెక్క విను. నీ పట్టాలు 16.5 మిల్లీమీటర్లవి. దాన్నే మీటర్ గేజ్ అనుకుంటే స్కేలు దాదాపు 1:60 వస్తది. అసలు ప్రిన్సెస్ పెద్ద చక్రం ఆరున్నర అడుగులు, మన వైపీది నాలుగున్నర. 76వ వంతులో చేసిన ఆ చక్రం 60వ వంతు వైపీకి కాస్త పెద్దదవుతది గానీ, కళ్లకు ఆనదు. నీ డొక్కు 60వ వంతులోనే చెయ్యి. ప్లాట్‌ఫారం ఏ స్కేలులో కట్టావు?

పాలమూరు_పట్టాలు (మహబూబ్‌నగర్) · గురువారం రాత్రి 8:12

87వ వంతులో.

గార్డు_సాబ్ (జడ్చర్ల) · గురువారం రాత్రి 8:14

మళ్లీ కట్టు.

వనపర్తి_అమ్మాయి (వనపర్తి) · గురువారం రాత్రి 9:30

మీ అందరి మాటలూ చదివాక ఒకటి అనుకున్నాను. పెద్ద ఇంజన్, బోగీలు ఇచ్చేస్తాను. నల్లది ఉంచుకుంటాను, మా బాబు అడిగాడు. గార్డు అంకుల్, మీ మనవడి కోసం కావాలని మెసేజ్ పెట్టారు కదా, మీకే ఇస్తాను. గద్వాల అన్న చెప్పిన రేటే. కానీ నడుస్తుందో లేదో నాకు చూడటం రాదు. నడిస్తే 9, లేకపోతే 6 అన్నారు కాబట్టి అది మీరే వచ్చి తేల్చండి. ఆ చీటీ మాత్రం ఇవ్వను.

గార్డు_సాబ్ (జడ్చర్ల) · గురువారం రాత్రి 9:45

చీటీ నీదే బిడ్డా, ఫొటో తీసుకుంటా. ఆదివారం పొద్దున బండికి వనపర్తి రోడ్‌లో దిగి ఆటోలో వస్తా. రెండడుగుల పట్టా, కుట్టుమిషన్ నూనె నేను తెస్తా. నువ్వు తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఒకటి కొని పెట్టు, పలకగా ఉంటది, రెండు గుండీలూ పైనే ఉంటయ్. మీ బాబుని కూడా ఇంట్లోనే ఉండమను, తీగలు పట్టుకోవాలె.